జెలీపా జేరే తిట్ల బేరం

జెలీపా జేరే మా ఆఫీసులో చేరిన రోజున ఆమెకు ఒక హెడ్‌ఫోను, చక్రం ఊడిన కుర్చీ, ఫోనులో చదవాల్సిన పాఠం ఇచ్చారు. కుర్చీ సంగతి తనే చూసుకుంది, ఎడమవైపు ఒరిగి కూర్చోవడం అలవాటు చేసుకుంది. హెడ్‌ఫోను జడల మీద నిలవకపోతే ఆదివారం పూట కూర్చుని జడలే మార్చుకుంది. చిక్కంతా పాఠం దగ్గరే వచ్చింది.

మేం అమ్మేవి పిండిమరలు. లుసాకాలో కూర్చుని, ఎక్కడెక్కడి రైతులకో, హాస్టళ్ళున్న బడులకో ఫోను చేసి, వాళ్ళ మొహం మనం చూడకుండా, మర మొహం వాళ్ళకి చూపించకుండా అమ్మాలి. నేను మన దేశం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాణ్ణి, అమ్మేవాణ్ణి కాను. వెనక గదిలో బెల్టులు, జల్లెళ్ళు, స్పేరు పార్టులు చూసుకునేవాణ్ణి. వాళ్ళకీ నాకూ మధ్య ఒక చెక్కగోడ ఉంది, అది కూడా పైదాకా లేదు. అందుచేత ఇరవై ఏళ్ళుగా ఈ ఆఫీసులో నడిచిన ప్రతి బేరమూ, చెడిన ప్రతి బేరమూ నా చెవిన పడుతూనే ఉన్నాయి; ఆ పాత హెడ్‌ఫోనుల్లోంచి అవతలివాళ్ళ గొంతు కూడా బయటికి వినబడుతుంది.

ఆ పాఠం రాసినవాడు మా సేల్స్ మేనేజరు హమూంగా. చోమా వైపు మనిషి, టోంగా జాతివాడు. చొక్కా ఎంత ఇస్త్రీగా ఉంటుందో మాటా అంత ఇస్త్రీగా ఉంటుంది. పాఠం "నమస్కారమండీ" అని మొదలై, మర మోటారుకున్న గుర్రపు బలం, గ్యారంటీ, వాయిదాలు అన్నీ దాటుకుని "మర ఎప్పుడు పంపించమంటారు?" అన్న వాక్యంతో ముగుస్తుంది. ఆ చివరి వాక్యం కింద ఆయన ఎర్రసిరాతో రెండు గీతలు గీసి పెట్టాడు.

"పైనున్నదంతా దీనికోసమే. ఇక్కడిదాకా రానివాళ్ళు నాకు ఫోను బిల్లు పెంచుతున్నట్టే లెక్క" అనేవాడు.

జెలీపా అక్కడిదాకా వచ్చేది కాదు. అసలు "నమస్కారమండీ" దాటడమే గగనం. ఆమె చిపాటా పిల్ల, పెద్దవాళ్ళని పలకరించకుండా మర గురించి ఎత్తడం ఆమెకు చేతకాదు. "ఎలా లేచారండీ? ఇంట్లో అందరూ బాగా లేచారా? మీవైపు వానలు పడ్డాయా?" అని అడిగేది. పాఠంలో ఉన్నట్టు కాదు, నిజంగానే అడిగేది. నిజంగా అడిగితే ఈ దేశంలో నిజంగానే చెబుతారు. మోకాలి నొప్పి, మేనల్లుడి పెళ్ళి, ఎరువుల లారీ ఇంకా రాకపోవడం, అన్నీ చెప్పి, చివరికి "చాలా సంతోషం తల్లీ, మళ్ళీ చెయ్యి" అని వాళ్ళే పెట్టేసేవారు.

మొదటి వారంలోనే ఒక విజయం మాత్రం దక్కింది. ముకుషి దగ్గర ఒక ముసలాయన, ఆమె గుర్రపు బలం దగ్గర ఉండగానే, "సరే తల్లీ, తీసుకుంటాను, పంపించు" అన్నాడు. అమ్మకం జరిగినప్పుడు మోగించడానికి గోడకి ఒక గంట ఉంది. జెలీపా ఆ గంటని గొలుసు తెగేలా మోగించింది. బయట సందులో అమ్మే వేడివేడి విటుంబువాలు, అంటే పిండి బోండాలు, తెప్పించి, నూనె కాగితంలోనే అందరికీ పంచింది. నాకు రెండు ఇచ్చింది. మర్నాడు చిరునామా కోసం ఫోను చేస్తే ముసలాయన మొహమాటపడిపోయాడు.

"మర పెట్టుకోడానికి నాకు కరెంటెక్కడిది తల్లీ? నువ్వు అంత కష్టపడి చెబుతున్నావు, కాదంటే బాగుండదని అన్నాను" అన్నాడు.

ఇందులో ఆయన తప్పేమీ లేదు. మొహం మీద కాదనడం ఇక్కడ మర్యాద కాదు. హమూంగా వెళ్ళి గంటని గోడ నుంచి తీసి, తన బల్ల మీద పెట్టుకున్నాడు.

ప్రొబేషన్ మూడు నెలలు. ఆలోగా ఒక్క మరైనా అమ్మకపోతే ఇంటికి పంపేస్తారు. ఇంటికి వెళ్ళడం జెలీపాకి ఉద్యోగం పోవడం కన్నా పెద్ద గండం. చిపాటాలో వాళ్ళమ్మ చర్చిలో అందరి ముందూ నిలబడి, మా అమ్మాయి రాజధానిలో మిషన్ల మేనేజరు అయిందని చెప్పేసింది. పాస్టరుగారు ప్రత్యేకంగా ప్రార్థన కూడా చేయించారు.

"దేవుడికి కూడా తప్పు కబురు వెళ్ళిపోయింది అంకుల్. ఇప్పుడు నేనెళ్ళి ఆ చర్చి బల్లమీద ఎలా కూచోను?" అనేది నా గదిలోకి వచ్చి, జల్లెళ్ళ కట్ట మీద కూలబడి. మటేరోలో పిన్ని ఇంట్లో ఉండేది, పిన్ని పిల్లలతో ఒకే మంచం మీద. పొద్దున్నే మినీబస్సులో నలిగి వచ్చేసరికి ఇస్త్రీ కాస్తా పోయేది, హమూంగా అది కూడా గమనించేవాడు.

రెండో నెలలో ఒకరోజు కసామాలో కపాంపా అనే బెంబా రైతుకి ఫోను కలిసింది. ఆయన గొంతు బండరాళ్ళు దొర్లినట్టు ఉంది.

"ఏ ఇంటి పిల్లవమ్మా?"

"జేరే అండీ. మాది చిపాటా."

"ఎంగోనీ పిల్లవా! హయ్యో, ఎంత పని చేశావే! ఎలుకలు తిన్న నోటితో నా ఫోనులో మాట్లాడావా? ఇప్పుడు దీన్ని నేను బూడిదేసి తోముకోవాలి!"

ఆఫీసులో కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. జెలీపా పాఠాన్ని బోర్లా తిప్పి పెట్టింది. ఒరిగిన కుర్చీలో నిటారుగా అయింది.

"తోముకోండి బావా, బాగా తోముకోండి. కోతిమాంసం జిడ్డు ఎలాగూ ఉంటుంది కదా దానికి, ఒకేసారి వదులుతుంది!"

చెక్కగోడకి ఇవతల నేను నవ్వు ఆపుకోలేక బెల్టుల పెట్టె మీద చతికిలబడ్డాను. బెంబాలకీ ఎంగోనీలకీ మధ్య ఇది పాత లెక్క. తాతలు ఈటెలతో పొడుచుకున్నారు, మనవలు మాటలతో పొడుచుకుంటారు. మన బావామరదళ్ళ వేళాకోళమే అనుకోండి, కాకపోతే ఇక్కడ జాతి మొత్తానికి జాతి మొత్తం బావలే, వదినలే. కోపం తెచ్చుకున్నవాడు ఓడిపోయినట్టు. చావింటికి కూడా వచ్చి శవం పక్కన నిలబడి ఎగతాళి చేస్తారు, చెయ్యకపోతే ఆ ఇంటికే చిన్నతనం. ఇన్నేళ్ళున్నా నన్నలా తిట్టేవాళ్ళు ఈ దేశంలో ఎవరూ లేరు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఈర్ష్యగానే ఉంటుంది.

అప్పట్నుంచి జెలీపా దశ తిరిగిందనుకున్నాం. జాబితాలో బెంబా ఇంటిపేరు కనబడితే చాలు, కళ్ళు మెరిసేవి. ఫోను ఎత్తినవాళ్ళు పెట్టేవారు కాదు. తమ్ముళ్ళకీ, పక్కింటివాళ్ళకీ ఇచ్చి తిట్టించుకునేవారు. కొందరు వాళ్ళే తిరిగి ఫోను చేసి "ఆ ఎలుకల మరదలు ఉందా?" అని అడిగేవారు. తీరా కొనే మాట వచ్చేసరికి కథ అడ్డం తిరిగేది.

"మరదలి దగ్గర కొనడమేమిటే? ఊరికే పంపించు" అన్నాడు కపాంపా. "మీ తాతలు మా గాదెలు దోచుకుపోయినప్పుడు రశీదు ఇచ్చారా?"

ఇక్కడ వరసైనవాళ్ళు అడిగితే ఇవ్వాల్సిందే. ఆయన అడిగింది న్యాయమే.

ఫోనులన్నీ రికార్డవుతాయి. హమూంగా శుక్రవారాలు కూర్చుని విని మార్కులు వేస్తాడు. ఆ శుక్రవారం తలుపు తీసి ఉంచే పిలిచాడు, అందరికీ బుద్ధి రావాలని.

"జెలీపా, కొనేవాణ్ణి 'కోతుల్ని పచ్చిగా తింటావా, కాల్చి తింటావా' అని అడగమని నా పాఠంలో ఏ పేజీలో ఉంది?"

"ముందు ఆయనే అన్నారు సార్."

"నీకు జీతం ఆయనిస్తున్నాడా?"

"లేదు సార్. ఆయన మరనే ఊరికే అడుగుతున్నారు."

ఎవరో కిసుక్కుమన్నారు. హమూంగా లేచి తలుపు వేశాడు. వేసినా లాభం లేదు, గోడ సంగతి చెప్పాను కదా.

"చూడు, ఇది ఆఫీసు. ఇక్కడ బెంబా లేదు, ఎంగోనీ లేదు, నేను టోంగానని నేనే మర్చిపోయి వస్తాను పొద్దున్నే. ఇంకొక్కసారి వరసలు కలిపావో, మూడు నెలలు నిండేదాకా కూడా ఆగను. అర్థమైందా?"

అర్థమైంది. ఆ రోజు నుంచి ఆమె పాఠం తప్ప గాలి కూడా పీల్చనట్టు మాట్లాడింది. గొంతులో జీవం పోయింది. జనం మధ్యలోనే ఫోను పెట్టేయడం మొదలుపెట్టారు.

మూడో నెలాఖరు ముంచుకొచ్చింది. అప్పుడు తగిలింది చిన్సాలి దగ్గరి ఆడపిల్లల హాస్టలు బడి. పెద్దపంతులమ్మ పేరు మిసెస్ మ్వాంబా. రెండు పూటలా తినే షిమా ముద్దకి మొక్కజొన్నలు లారీకెత్తి ఊళ్ళోకి పంపించి పట్టించుకొస్తున్నారట, ఆ తిప్పలు పడలేక విసిగిపోయి ఉంది. గుర్రపు బలం ఆవిడే అడిగింది. గ్యారంటీ ఆవిడే అడిగింది. జెలీపా వేలు పాఠం మీద ఒక్కో వరుసే దిగుతోంది. ఎర్రగీతలు ఇంక ఒక్క వరుస దూరం. నేను పని మానేసి గోడకి ఆనుకుని నిలబడ్డాను.

"ఒక్కటే అనుమానం అమ్మాయ్" అంది ఆవిడ. "మా బడి వెనకంతా అడవి. కోతులొచ్చి పిండి ఎత్తుకుపోతాయి. ఈ మరకి గట్టి మూతేమన్నా ఉందా?"

మూత ఉంది. ఇనపది. రెండు బోల్టులు కూడా ఉన్నాయి. అది చెబితే సరిపోయేది. కానీ మ్వాంబా అన్న పక్కా బెంబా ఇంటిపేరు, ఆ వెంటనే కోతులు! నెలరోజులుగా నోరు కట్టేసుకున్న పిల్ల ఏం చేస్తుంది?

"కోతుల భయం మీకెందుకండీ? మ్వాంబాగారు ఇంట్లో ఉండగా అడవిలో ఒక్కటైనా మిగిలుంటుందా?"

అవతల ఊపిరి పీల్చినట్టు ఏదో వినబడింది. ఫోను కట్టయింది.

కాసేపటికి ఆఫీసు సెల్లుకి మెసేజి వచ్చింది. హమూంగా బయటికి వచ్చి అందరి ముందూ పైకి చదివాడు. "నేను మ్వాంబా ఇంటి కోడల్ని. పుట్టింటివైపు లోజీని, మోంగు మాది. మీలో పెద్దవారెవరో రేపు నాకు ఫోను చెయ్యాలి."

జెలీపా నా గదిలోకి వచ్చి జల్లెళ్ళ మీద కూర్చుంది. ఏడవడానికి కూడా ఓపిక లేదు.

"పేరు చూసి వరస కలిపేశాను అంకుల్. అది మొగుడి పేరని తోచలేదు. లోజీలకీ మాకూ ఏ వరసా లేదు. అంటే నేను ఆవిణ్ణి వేళాకోళం చెయ్యలేదు, నిజంగానే తిట్టినట్టు! మా అమ్మంత మనిషిని!"

ఎవరికీ ఏమీ కాని మనిషిని, ఓదార్చడానికి నాకేం హక్కుంది? చేతిలో ఉన్న బెల్టుకి గ్రీజు రాస్తూ కూర్చున్నాను.

మర్నాడు హమూంగా ఫోను స్పీకరులో పెట్టి, పక్కన జెలీపాని నిలబెట్టాడు. క్షమాపణ ఎలా చెప్పాలో అందరూ నేర్చుకోవాలట.

"నమస్కారమండీ. నేను సేల్స్ మేనేజరు హమూంగాని మాట్లాడుతున్నాను. మా సంస్థ తరఫున—"

"హమూంగానా? టోంగావా?"

నేను గోడ దాటి వాళ్ళవైపు వచ్చేశాను. ఆవులే ప్రాణమైన టోంగాలకీ, వరదనీళ్ళ మీదా చేపల మీదా బతికే లోజీలకీ కూడా అదే లెక్క, అదే వరస.

"అవునండీ. నిన్న జరిగినదానికి మా సంస్థ—"

"పశువుల పాకలోకి ఫోను ఎప్పుడొచ్చిందయ్యా? ఎవరేశారు తీగ?"

"అమ్మా, మా సంస్థ విలువలు—"

"ఉండుండు. ఏదో ఆవు అరుస్తోంది, నీ మాట సరిగా వినబడ్డంలేదు. ఓ! నువ్వేనా మాట్లాడేది?"

హమూంగా టై సర్దుకున్నాడు. బల్లమీది గంటని అటు జరిపాడు, ఇటు జరిపాడు. రికార్డరు ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. ఆయన దాన్ని చూశాడు, మమ్మల్ని చూశాడు.

"పెళ్ళాన్ని అమ్మయినా ఆవుని కొనుక్కునే జాతి! నీకు క్షమాపణ చెప్పడం ఎవరు నేర్పారు బావా, దూడా?"

"ఏటేటా నీళ్ళొస్తే పడవెక్కి పారిపోయి, దానికి పండగని పేరు పెట్టుకున్నవాళ్ళు మీరు మా ఆవుల గురించి మాట్లాడతారా!" అని అరిచాడు హమూంగా. "చేపముల్లు గొంతులో గుచ్చుకుంటే దగ్గడానికి కూడా రాజుగారి సెలవు కావాలి మీకు!"

అని, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. అవతల ఆవిడ నవ్వు స్పీకరు పగిలిపోయేలా వచ్చింది. ఇవతల మేం మాత్రం నవ్వలేదు, ఉద్యోగాలు చేసుకునేవాళ్ళం కదా.

నవ్వు తగ్గాక ఆవిడ గొంతు మారింది.

"బావా, ఆ పిల్ల అక్కడుందా? ఉంటే వినమను. మా ఆయన పోయి ఏడాదైంది. పోయిన రోజున ఆయన ఎంగోనీ స్నేహితులు వచ్చి, 'లేవరా, కోతులు కాచుకున్నాయి' అని శవపెట్టె మీద కొట్టి మరీ ఎగతాళి చేశారు. ఆ తర్వాత ఇంక అలా ఎగతాళి చేసేవాళ్ళెవరూ రాలేదు. అందరూ నా దగ్గర మెల్లగా మాట్లాడుతున్నారు. ఏడాదంతా మెల్లగానే! నిన్న ఆ పిల్ల ఆ మాట అనేసరికి నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఎదురుగా పిల్లలున్నారు. అందుకని ఫోను పెట్టేశాను."

జెలీపా బల్ల అంచు పట్టుకుంది.

"కానీ తప్పు తప్పే" అంది ఆవిడ. "నన్ననే వరస దానికి లేదు. నా కూతురు ముతాలేకి ఉంది, అది వాళ్ళ నాన్న జాతి పిల్ల. ఆ మాటకి జవాబు అదివ్వాలి. అది ఏడాదిగా సరిగ్గా నోరు విప్పడం లేదు. సాయంత్రం బడి అయ్యాక చెయ్యమను. జవాబొస్తే మర సంగతి మాట్లాడతాను. మాట బాకీ ఉంచుకుని నేను బేరం చెయ్యను."

"జవాబు రాకపోతే వదినా?" అన్నాడు హమూంగా. ఆయన వదినా అన్నాడని ఆయనకే తెలియలేదు.

"మీ ఆవుల్ని అడిగి చెప్పు."

ఆ రోజే నెలాఖరు. సాయంత్రం అయ్యేసరికి ఎవరూ ఇంటికి వెళ్ళలేదు. జెలీపా చక్రం ఊడిన కుర్చీలో కూర్చుంది. హమూంగా రెండో హెడ్‌ఫోను పెట్టుకున్నాడు. స్పీకరులో ఒక సన్నటి గొంతు వచ్చింది.

"హలో."

"ముతాలేవా? నేను జెలీపాని. మీ వదినని. ఎంగోనీ వదినని."

"ఊఁ."

"నిన్న మీ నాన్నని ఒక మాటన్నాను. అమ్మ చెప్పిందా?"

"ఊఁ."

"మరి నన్ను తిట్టవే?"

హమూంగా గడియారం చూసుకున్నాడు. జెలీపా మరని మర్చిపోయింది, అది ఆమె మొహంలో నాకు కనబడింది. ఆ మూగపిల్ల తప్ప ఆమె ముందు ఇంకేమీ లేదు.

"సిగ్గా? సరే, నేనే అందిస్తాను. మేమేం తింటామో తెలుసా? పొలాల్లో పట్టి, ఉప్పేసి ఎండబెట్టి, తోకతో సహా... చెప్పవే. మీ నాన్న ఉంటే ఈపాటికి నన్ను చిపాటా దాకా తరిమేవారు. నేనేమో ఇక్కడ కుర్చీలో హాయిగా కూర్చున్నాను. వదిలేస్తావా నన్ను? బెంబాల పరువు తీసేస్తావా?"

దూరంగా బడిగంట, ఎవరో బకెట్టు ఈడుస్తున్న చప్పుడు. జెలీపా కళ్ళు మూసుకుంది. అప్పుడు ఆ సన్నటి గొంతు, ఫోనులోకి కాదు, పక్కనున్న తల్లితో అంది.

"అమ్మా, వీళ్ళ మరే కొనేద్దాం."

"ఎందుకే?" అంది తల్లి.

"వీళ్ళ గోడౌనులో ఉన్న మర కదా. దాంట్లో ఒక్క ఎలుక కూడా ఉండదు. వదిన అన్నీ తినేసుంటుంది."

ముందు జెలీపా గట్టిగా "అమ్మో!" అంది, నిజంగా దెబ్బ తగిలినదానిలా. తర్వాత ఆఫీసంతా బల్లలు చరిచింది. అవతల తల్లి నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది, "మీ నాన్నే! అచ్చం మీ నాన్నే!" అంటూ. ఆ పిల్లకి రుచి తగిలింది, ఇంక ఆపలేదు. తోకల్ని జడల్లో కట్టుకుంటావా వదినా అనడిగింది. హెడ్‌ఫోనులో పళ్ళ చప్పుడు వినబడుతోంది, ఇప్పుడు కూడా తింటున్నావా అనడిగింది. జెలీపా ఒక్కదానికీ జవాబివ్వలేదు. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే, ఓడిపోయినదానిలా తలూపుతూ అన్నీ పడింది.

హమూంగా మెల్లగా గంట తీసుకొచ్చి ఆమె పక్కన పెట్టాడు. బోర్లా పడున్న పాఠాన్ని తిప్పి, ఎర్రగీతల మీద వేలు పెట్టి చూపించాడు. జెలీపా ముక్కు తుడుచుకుని, గొంతు సవరించుకుని, ఒక్కో మాటే కూడబలుక్కుంటూ చదివింది.

"మర... ఎప్పుడు... పంపించమంటారు?"